ఇద్దరికీ సెలవు దొరికే చోటు

మన ఇళ్లలో టూర్‌కి వెళ్తున్నామంటే సెలవు ఎవరికో బయల్దేరకముందే తెలిసిపోతుంది. టికెట్లు, హోటళ్లు, వీసా కాగితాలు ఆయన చూసుకుంటాడు, కాదనను. బట్టలు సర్దేది, ఎవరికి ఏ మాత్ర ఎప్పుడు వేయాలో గుర్తుపెట్టుకునేది, ఫ్రిజ్‌లో మిగిలిన కూరగాయలు ఖాళీ చేసేది, ఆవకాయ సీసా మూతకి టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టేది, బుల్లి రైస్ కుక్కర్ పెట్టెలో పట్టేలా చూసేది ఆవిడ. అక్కడికి చేరాక సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో ఆ కుక్కర్ పెట్టేదీ ఆవిడే. ఏ దేశంలో ఏ కట్టడం ముందు నిలబడి ఉన్నా "ఆకలేస్తోంది" అనే మాట ఆవిడ వైపు తిరిగే అంటారు.

మా ఇంట్లోనూ చాలా ఏళ్లు ఇదే నడిచింది. మా ఆయన పని తప్పించుకునే మనిషి కాదు. మామూలు రోజుల్లో గిన్నెలు తోముతాడు, పిల్లల్ని ఈతకి తీసుకెళ్తాడు, చపాతీలు నాకన్నా గుండ్రంగా చేస్తాడు. అయినా సెలవు అనేసరికి ఇద్దరం మా అమ్మానాన్నల దగ్గర చూసిన పద్ధతిలోకే జారిపోయేవాళ్లం. ఆయన ముందు నడిచేవాడు, నేను సంచి మోసేదాన్ని.

పెళ్లయి చాలా ఏళ్లయిన దంపతులు అప్పుడప్పుడూ ఇద్దరే వెళ్లాలి. వెళ్లేది పని, భయం, రుచి ఇద్దరికీ సమానంగా పంచే చోటై ఉండాలి. కొండలెక్కడం, వైన్ రుచి చూడటం, గంటల తరబడి కూర్చుని ఖరీదైన భోజనం చేయడం అంటే మనవాళ్లకి డబ్బు ఎక్కువైనవాళ్ల సరదాల్లా కనిపిస్తాయి. నాకు మాత్రం ఆ మూడింటిలోనే, మన సంసారాల్లో దొరకని ఒక సమానత్వం దొరికింది. అది ఎలాగో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మేము ఉండేది మ్యూనిక్‌లో. ఇక్కడి తెలుగువాళ్లం సెలవు దొరికితే స్విట్జర్లాండ్ వైపు చూస్తాం. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైలెక్కి 3,454 మీటర్ల ఎత్తున మంచులో ఫొటో దిగి రావడం ఒక మొక్కు తీర్చుకున్నంత పని. మేము ఈసారి దక్షిణానికి వెళ్లాం. మ్యూనిక్‌లో ఎక్కితే ఇన్స్‌బ్రుక్ మీదుగా, బ్రెన్నర్ కనుమ దాటి, సుమారు నాలుగు గంటల్లో రైలు బోల్జానోలో దింపుతుంది. ఊరు ఇటలీలో ఉంది, ఊళ్లో ఇటాలియన్ ఎక్కువే గానీ చుట్టుపక్కల లోయల్లో వినిపించేది ఎక్కువగా జర్మన్. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇది ఆస్ట్రియా నేల. 1919 ఒప్పందంతో ఇటలీకి పోయింది. ముస్సోలినీ కాలంలో బడుల్లో జర్మన్ చెప్పడాన్ని నిషేధిస్తే, ఇళ్లలో దొంగచాటుగా పిల్లలకి అక్షరాలు నేర్పుకున్నారు. 1972 నాటి స్వయంప్రతిపత్తి చట్టం తర్వాతే, బోల్జానో ఉన్న ఈ సౌత్ టిరోల్ ప్రాంతం నెమ్మదించింది. ఇప్పుడు ప్రతి ఊరి బోర్డు మీదా రెండు పేర్లు, లాదిన్ భాష మాట్లాడే లోయల్లో మూడు. భాష కోసం రాష్ట్రం తెచ్చుకున్న మనకి ఆ బోర్డుల వెనక ఎంత కథ ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

పిల్లల్ని ఏం చేశారని అడుగుతారు. మా అత్తయ్య, మామయ్య విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చి ఉన్నారు. ఇద్దరమే వెళ్తామని చెప్పడానికి నేను రెండు రోజులు తటపటాయించాను. అత్తయ్య మాత్రం "పిల్లలు మాతాన ఉంటరు, మీరు పోయి రాండ్రి. మీ మామయ్యతోని నేను ఇద్దరమే పోయిన ఊరు ఒక్కటన్న ఉంటే చెప్పు" అంది. ఆ మాట దారి పొడుగునా నా వెంటే వచ్చింది.

ముందు కొండ సంగతి. బోల్జానో పక్కనే లేచే డోలమైట్స్ కొండలు అంటే మంచు కప్పుకున్న తెల్లటి శిఖరాలు కావు. లేత బూడిద రంగు రాతి గోడలు పచ్చిక బయళ్ల మధ్య నుంచి నిలువునా లేస్తాయి. ఒకప్పుడు వెచ్చటి సముద్రంలో పగడాల దిబ్బలు. భూమి పైకి నెడితే ఇలా ఆకాశంలోకి వచ్చాయి. ఆ రాతిని పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త దొలోమ్యూ పేరే కొండలకి స్థిరపడింది. 2009లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. సాయంత్రం పొద్దు వాలేటప్పుడు ఆ బూడిద రంగు గోడలు గులాబీ రంగుకి తిరుగుతాయి. లౌరిన్ అనే మరుగుజ్జు రాజు తన గులాబీ తోట పగలు గానీ రాత్రి గానీ ఎవరి కంటా పడకూడదని శపించాడట, సంధ్యవేళని మాత్రం మరిచిపోయాడట. ఇక్కడి రోజెన్‌గార్టెన్ కొండల పేరు చుట్టూ అల్లుకున్న కథ అది, ఆ పేరుకి అర్థమే గులాబీ తోట. రాత్రీ పగలూ కాని వేళ చూసి హిరణ్యకశిపుణ్ణి చంపిన కథ విన్నవాళ్లం కనుక మనకి వెంటనే ఎక్కుతుంది.

ఈ కొండల్లో వియా ఫెర్రాటా అని ఒకటుంది. రాతి గోడకి ఇనుప మేకులు దిగేసి, వాటి మీదుగా ఉక్కు తాడు లాగి కట్టిన దారి. కొన్ని మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే వేసినవి. 1915లో ఇటలీ యుద్ధంలోకి దిగాక, ఇవతల ఆస్ట్రియా సైనికులు, అవతల ఇటలీ సైనికులు ఈ శిఖరాల మీదే ఏళ్ల తరబడి తలపడ్డారు. తుపాకులు, తిండి పైకి మోసుకెళ్లడానికి నిచ్చెనలు, తాళ్లు బిగించారు. చావు కోసం వేసిన ఆ దారుల్లో కొన్నింటి మీద ఇవాళ సెలవు మీద వచ్చినవాళ్లు ఎక్కుతున్నారు.

మేము ఎంచుకున్నది రోజెన్‌గార్టెన్ దక్షిణపు కొసన ఉన్న మజరే. కొత్తవాళ్లు గైడ్‌తో వెళ్లగలిగినంత కష్టం. కారెర్ కనుమ దగ్గర చెయిర్‌లిఫ్ట్ ఎక్కి 2,125 మీటర్ల దగ్గర పౌలీనా హట్ అనే కొండ మీది విడిది చేరి, అక్కణ్ణించి నడవాలి. దారిలో ఒక పెద్ద కంచు గద్ద కనిపిస్తుంది, 1909లో పూర్తయిన డోలమైట్స్ రోడ్డు కోసం పాటుపడ్డ థియోడోర్ క్రిస్టోమానోస్ జ్ఞాపకంగా పెట్టింది. ఆ తర్వాత రొట్‌వాండ్ హట్, దాని వెనక గోడ.

గోడ మొదట్లో గైడ్ మా ఇద్దరికీ హార్నెస్ బిగించాడు. నడుముకీ రెండు తొడలకీ పట్టీలు, తలకి హెల్మెట్. హార్నెస్ ముందు భాగం నుంచి రెండుగా చీలిన తాడు, ఒక్కో కొసకి ఒక్కో కొక్కెం. పడితే ఆ కుదుపు మన నడుము మీద పడకుండా, మడిచి కుట్టిన పట్టీ ఒకటి మధ్యలో ఉంటుంది; బరువు పడ్డప్పుడు ఆ కుట్లు వరసగా తెగుతూ వేగాన్ని తగ్గిస్తాయి. రెండు కొక్కేలూ ఉక్కు తాడుకి తగిలించి ఎక్కాలి. మేకు దగ్గరికి వచ్చినప్పుడు ఒక కొక్కెం తీసి మేకు అవతల తగిలించి, అది బిగిసిందని చూసుకుని, అప్పుడు రెండోది. రెండూ ఒకేసారి గాలిలో ఉండకూడదు. కింద లోయ ఎంత అందంగా ఉన్నా చూపు ముందు కొక్కెం మీదే.

ఇంకో నియమం ఉంది. ఒక మేకుకీ తర్వాతి మేకుకీ మధ్య ఒకే మనిషి ఉండాలి. పైనున్నవాళ్లు జారితే కింది మేకు దాకా జారుతారు. అక్కడ ఇంకో మనిషి ఉంటే ఇద్దరికీ ప్రమాదం. మా ఆయన అలవాటు చొప్పున వెనక్కి తిరిగి నాకు చెయ్యి అందించబోయాడు. గైడ్ గట్టిగానే వద్దన్నాడు. ఆమె పని ఆమె చేసుకుంటుంది, నీ తాడు నువ్వు చూసుకో అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి రోడ్డు దాటాలన్నా, రైలెక్కాలన్నా, వరద నీళ్లలో నడవాలన్నా నా చెయ్యి ఆయన చేతిలో ఉండేది. అందులో ప్రేమ ఉంది, నాకు తెలుసు. కానీ ఆ గోడ మీద నా కాలు ఎక్కడ పెట్టాలో నేనే వెతుక్కున్నాను. ఆయనకి అందే పట్టు నాకు అందదు, నాకు సరిపోయే చిన్న అంచు ఆయన బూటుకి సరిపోదు. ఒకే గోడ మీద ఇద్దరి దారులూ వేరు.

సగం దారిలో ఆయన ఆగిపోయాడు. అలసటేమో అనుకున్నాను. కాసేపటికి "నాకు ఎత్తంటే భయం, కిందికి చూడలేకపోతున్నా" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఎప్పుడూ వినలేదు. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద బండి నడుపుతూ ఎందుకు అంత బిగుసుకుపోయేవాడో, తిరుమల మెట్ల మీద లోయ వైపు ఎందుకు నడవడో అప్పుడు అర్థమైంది. నేను ముందు, ఆయన వెనక అయ్యాం. ఒక్కో మేకు దాటాక నేను "దాటాను" అని అరిచేదాన్ని, ఆయన కదిలేవాడు. మగవాడు భయపడ్డానని చెప్పడానికి మన ఇళ్లలో సందర్భమే రాదు. ఇంట్లో ఉంటే ఇంకో ఇరవై ఏళ్లు కూడా ఆయన నాతో ఆ మాట అనేవాడు కాదని నా నమ్మకం.

సరదాగా చెప్పినంత మాత్రాన దీన్ని తేలిగ్గా తీసుకోకండి. వేసవిలో మధ్యాహ్నం దాటితే ఉరుములు మెరుపులు మొదలవుతాయి, పిడుగులు పడే వేళ ఉక్కు తాడు పట్టుకుని ఉండటం కన్నా పెద్ద ప్రమాదం లేదు. ఇదే డోలమైట్స్‌లో అన్నిటికన్నా ఎత్తయిన మార్మొలాదా మీద 2022 జులై 3న హిమానీనదం ముక్క విరిగిపడి 11 మంది చనిపోయారు. అలవాటు లేనివాళ్లు గైడ్ లేకుండా వెళ్లకూడదు, పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికి దిగిపోవాలి. ఆకాశం బాగోలేదని గైడ్ అంటే మారుమాట్లాడకుండా వెనక్కి రావాలి.

కొండల్లో నడిచిన దంపతుల గురించి మాట్లాడితే ఎరికా, హెల్ముట్ సైమన్‌లని తలవకుండా ఉండలేను. నూరెంబర్గ్ నుంచి సెలవు మీద వచ్చిన ఈ జర్మన్ దంపతులు 1991 సెప్టెంబరు 19న ఎట్స్‌టాల్ కొండల్లో, 3,210 మీటర్ల ఎత్తున, గుర్తులు వేసిన దారి వదిలి అడ్డంగా దిగుతుంటే మంచులో ఒక మనిషి వీపు కనిపించింది. ఎవరో ఈమధ్య పోయిన పర్వతారోహకుడు అనుకున్నారు. అతను 5,300 ఏళ్ల నాటి మనిషి, ఎట్సి. ఇప్పుడు బోల్జానో మ్యూజియంలో, చల్లటి గదిలో, చిన్న కిటికీ అద్దం వెనక ఉన్నాడు. చివరిసారి తిన్న కొండమేక, జింక మాంసం, ఐన్‌కార్న్ గోధుమ కడుపులో అలాగే ఉన్నాయి. కనిపెట్టింది ఎవరన్న దాని మీద ఏళ్ల తరబడి కోర్టు గొడవలు నడిచి, చివరికి ఆ పేరు భార్యాభర్తలిద్దరికీ దక్కింది. 2004లో హెల్ముట్ సైమన్ ఆస్ట్రియాలో మరో కొండ మీద ఒంటరిగా నడుస్తూ పడి చనిపోయాడు. ఆ కిటికీ ముందు నిలబడి నేను ఎట్సి కన్నా ఆ దంపతుల గురించే ఎక్కువసేపు ఆలోచించాను.

ఇక వైన్. ఇక్కడే చాలామంది తెలుగు పాఠకులు నాతో విడిపోతారు.

నేను పెరిగిన ఇంట్లో మందు మేడ మీదికి వెళ్లేది, ఆడవాళ్లు వంటింట్లో ఉండేవాళ్లు. అమ్మ, పిన్ని పకోడీలు వేయించి పళ్లెం మెట్ల దాకా తెచ్చి పిల్లల చేత పైకి పంపేవాళ్లు. పైన ఏం మాట్లాడుకున్నారో, ఏం తాగారో, ఎంత తాగారో కిందికి వాసనగా, గొంతు పెరగడంగా మాత్రమే తెలిసేది. దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా కొట్టు మూయించిన నేల మనది. వాళ్ల పోరాటమే 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. రెండేళ్లకే దాన్ని సడలించారు. ఆ పోరాటంలో ఒక్క అక్షరం కూడా తప్పని నేను అనను. కూలి డబ్బు, ఒంటి మీద దెబ్బలు, పిల్లల ఆకలి, అవన్నీ సారా ప్యాకెట్ వెనక ఉన్నాయి. అందుకే మన ఆడవాళ్లకి గ్లాసంటే వచ్చే జంకుని నేను తేలిగ్గా చూడను.

అయినా ట్రమిన్ ఊళ్లో రైతుల సహకార సంఘం నడిపే సెల్లార్‌లో, అంటే వైన్ తయారుచేసి నిలవ ఉంచే చోట, ఒక బల్ల ముందు ఇద్దరం పక్కపక్కన కూర్చున్నప్పుడు, అది మేడ మీది వ్యవహారానికి పూర్తిగా భిన్నమైనదని తెలిసింది. గ్లాసులో పోసేది ఒకటి రెండు గుక్కలే. ముందు కాడ పట్టుకుని తిప్పాలి, వాసన చూడాలి, చెప్పాలి, ఆ తర్వాతే నోట్లోకి. మింగకుండా పక్కనున్న గిన్నెలో ఉమ్మేయొచ్చు. ఎవరూ తప్పుగా అనుకోరు, రోజూ రుచి చూసేవాళ్లంతా అదే చేస్తారు. మత్తెక్కితే ఆ తర్వాతి గ్లాసులో ఏముందో తెలియదు కాబట్టి మత్తెక్కకుండా ఉండటమే అక్కడ పని.

పోస్తున్న అమ్మాయి గెవ్యుర్ట్స్‌ట్రమినర్ పోసి, వాసన ఎలా ఉందని అడిగింది. ఆ రకం పేరులోనే ఈ ఊరు ఉంది. మా ఆయన చాలాసేపు ఆలోచించి "ద్రాక్ష" అన్నాడు. నాకు మాత్రం ముక్కు దగ్గర పెట్టగానే పెళ్లి పందిట్లో చల్లే పన్నీరులా తగిలింది, వెనకాలే లిచీ పండు. చెప్పాను. ఆ అమ్మాయి అవునంది, గులాబీ, లిచీ రెండూ దీని గుర్తులేనంది. తర్వాత లాగ్రైన్ అనే ముదురు ఎరుపు వైన్ పోసింది, బోల్జానో చుట్టుపక్కల పుట్టిన రకం. కాస్త వగరు, నల్లటి పండ్ల వాసన, చివర్న కోకో చేదు. అక్కడ కూడా నా ముక్కే ముందుంది. ఎందుకుండదు? పోపులో మెంతులు ఏ క్షణంలో మాడతాయో పక్కగదిలోంచి చెప్పగలను. పాలు విరగబోతున్నాయని గంట ముందు వాసనలోనే పసిగడతాను. పాతికేళ్లుగా వంటింట్లో సాన పట్టిన ఈ ముక్కుకి ఒక విలువ ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ బల్ల మీద మా ఆయన నన్ను అడిగి, నేను చెప్పినది మళ్లీ వాసన చూసి నేర్చుకున్నాడు. ఇరవై గ్లాసుల మధ్య కూర్చుని ఇద్దరం తాగింది చాలా తక్కువ, మాట్లాడుకున్నది చాలా ఎక్కువ.

బయట తీగలు చూస్తే నా కాళ్లు ఆగిపోయాయి. అక్కడి పాత తోటలు పందిళ్ల మీద ఉంటాయి. ఏటవాలుగా కట్టిన చెక్క పందిరి, కింద నీడ, తల మీద గుత్తులు. మా మేనమామ ఊరు మేడ్చల్ వైపు. నా చిన్నతనంలో హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు ఉండేవి. రాతి కడీలు, వాటి మీద ఇనుప తీగలు, కింద మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండే నేల. ఇవాళ ఆ నేలంతా ప్లాట్లు. బోల్జానో లోయలో భూమి ధర తక్కువేం కాదు, అయినా తోటలు ఎందుకు మిగిలాయని అడిగాను. సౌత్ టిరోల్‌లో సుమారు 5,800 హెక్టార్ల ద్రాక్ష తోటలు ఉంటే వాటిని పండించే కుటుంబాలు దాదాపు 5,000. అంటే ఒక్కొక్కరికీ సగటున హెక్టారుకి కాస్త పైన. అంత చిన్న కమతంతో చాలామంది సొంతంగా సెల్లార్ పెట్టలేరు. అందుకని 1893 నుంచే సహకార సంఘాలు కట్టుకున్నారు. ఇక్కడి వైన్‌లో సుమారు 70 శాతం ఇప్పటికీ సంఘాల నుంచే వస్తుంది. సంఘాలంటే చౌక వైన్ అనుకోకండి. 1893లోనే పుట్టిన టెర్లాన్ సంఘం తెల్ల వైన్లు దశాబ్దాలు నిలవ ఉండి కూడా ప్రాణంతో ఉంటాయని పేరు. దానికి తోడు పొలాన్ని ముక్కలు చేయకుండా వారసుల్లో ఒక్కరికే ఇచ్చే చట్టం ఉంది. మిగతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఏమవుతారన్న ప్రశ్న నాకు ఇప్పటికీ కుదురుగా లేదు. కానీ పంపకాల్లో నలిగి, చివరికి వెంచర్‌గా మారిన మా మేనమామ తోట గుర్తొస్తే ఆ చట్టాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయలేను.

వైన్ ఆరోగ్యానికి మంచిదని నేను చెప్పడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది, ఇంతైతే హాని లేదు అనే మోతాదు మద్యానికి లేదని. తాగనివాళ్లు తాగక్కర్లేదు. ఈ లోయ నిండా ఆపిల్ తోటలే; రిటెన్ కొండ మీద ఒక్కో రకం ఆపిల్ రసాన్ని వేరువేరుగా సీసాల్లో పట్టి వైన్ లాగే రుచి చూపిస్తారు, పెద్ద రెస్టారెంట్లలో వంటకాలకి జతగా మద్యం లేని పానీయాలు ఇస్తారు. బల్ల, గ్లాసు, వాసన, మాట అవే ఉంటాయి. తాగేవాళ్లు మాత్రం కారు తీయకండి. ఇటలీలో లీటరు రక్తానికి 0.5 గ్రాముల పరిమితి. బస చేసే చాలాచోట్ల ఇచ్చే గెస్ట్ పాస్‌తో స్థానిక బస్సులు, రైళ్లు ఉచితం కనుక కారు అవసరమే రాదు.

భోజనం దగ్గరికి వస్తే, నాకు మొదట ఇష్టమైంది కొండ మీది హట్‌లో పెట్టింది. ష్యూటెల్‌బ్రోట్ అని రై పిండితో చేసే పెళుసు రొట్టె, విరిస్తే అప్పడంలా టప్‌మంటుంది. నోట్లో పెట్టుకోగానే ఏదో తెలిసిన వాసన. అడిగితే అందులో వేసేది మన మెంతికి దగ్గరి చుట్టం, అదే జాతికి చెందిన నీలి పూల మొక్క ఆకు పొడి అని తెలిసింది. ష్లుట్స్‌క్రాప్‌ఫెన్ అని పాలకూర, మెత్తటి జున్ను కూరి అర్ధచంద్రాకారంలో మడిచినవి మాంసం తిననివాళ్లకి కడుపు నింపుతాయి, పైన కరిగిన వెన్న. అదే మెనూలో ఇటలీ పాస్తా, ఆస్ట్రియా నుంచి మిగిలిన రొట్టె ఉండలు పక్కపక్కన ఉంటాయి. శాకాహారులకి యూరప్‌లో బ్రెడ్డు, ఫ్రెంచ్ ఫ్రైసే గతి అనే మాట ఈ కొండల్లో చెల్లదు.

పెద్ద భోజనం మీదే నాకు ఎక్కువ వాదన ఉంది. "ప్లేటు చారెడు, తిండి చెంచాడు, బిల్లు బారెడు" అని మనవాళ్లు అనడం నాకు తెలుసు. ఈ ప్రాంతంలో ఆ మాటకి గట్టి జవాబు నోర్బెర్ట్ నీడర్‌కోఫ్లర్ వంట. ఆయన తన వంటింట్లోకి కొండల్లో పండనిది రానివ్వలేదు. నిమ్మకాయ లేదు, ఆలివ్ నూనె లేదు, గ్రీన్‌హౌస్ కూరగాయలు లేవు. ఇటలీలో ఆలివ్ నూనె లేకుండా వండటమంటే మన దగ్గర చింతపండు ముట్టుకోనని పట్టుబట్టడమే. చలికాలానికి కావలసింది ఎండాకాలంలోనే ఊరబెట్టి, ఎండబెట్టి, పులియబెట్టి దాచుకోవాలి. అలా వండి, రెస్టారెంట్లకి మిషలిన్ గైడ్ ఇచ్చే అత్యున్నత గుర్తింపు, మూడు నక్షత్రాలు తెచ్చుకున్నాడు, ఇప్పుడు బ్రునెక్‌లో ఒక ఉన్ని బట్టల మిల్లుకి చెందిన పాత బంగళాలో వండుతున్నాడు. ఊరగాయలు, ఒడియాలు, ఎండబెట్టిన వరుగులతో వానాకాలం గడిపిన మన నాయనమ్మలకి ఆ పద్ధతి వివరించక్కర్లేదు.

మేము తిన్నది ఆయన దగ్గర కాదు, అదే ఆలోచనతో నడిచే ఇంకో చిన్న చోట, మధ్యాహ్నం పూట. బార్లీని పాలలా మెత్తగా ఉడికించి కొండ జున్ను కలిపింది, సెలయేటి చేప, అడవి బెర్రీలు. తిండి బాగుంది. నన్ను కదిలించింది మాత్రం వడ్డన. ప్రతి వంటకానికీ ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకరు ఆయన వెనక, ఒకరు నా వెనక. ఇద్దరి ముందూ పళ్లెం ఒకే క్షణంలో దిగింది. మొదటిసారి కాకతాళీయం అనుకున్నాను. రెండోసారి, మూడోసారీ అంతే. ఆ స్థాయి చోట్లలో అది పద్ధతి, ఒకరు తింటుంటే ఇంకొకరు చూస్తూ కూర్చోకూడదు.

మా అమ్మ మా నాన్నతో కలిసి కూర్చుని తిన్న భోజనాలు నాకు గుర్తున్నంతలో పెళ్లి పంక్తుల్లోవే. ఇంట్లో ఆవిడ వడ్డించి, కొసరి, పెరుగు పోసి, అందరూ లేచాక గిన్నెలో మిగిలిన కూరతో తినేది. కొసరి వడ్డించడంలో ఉన్న ప్రేమ నాకు తెలుసు, నా చేతులకీ అది అబ్బింది. మా ఇంట్లో ఇప్పటికీ నేను లేచి దోసె వేస్తుంటే వాళ్లు తింటుంటారు. ఆ మధ్యాహ్నం దాదాపు మూడు గంటలు నేను ఒక్కసారి కూడా లేవలేదు. మొదటి గంట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండో గంటలో మా ఆయన తన ఉద్యోగం గురించి, మానేయాలనుందన్న దాని గురించి చెప్పాడు. ఇంట్లో అయితే ఆ మాట సగంలో ఉండగా ఎవరికో నీళ్లు కావలసి వచ్చేవి.

ఖర్చు ఎక్కువే. ఆ ఒక్క పూట భోజనం మీద పెట్టాలంటే మిగతాచోట తగ్గించాలి. ఎర్ర కోడిపుంజు గుర్తు ఉన్న రైతుల ఇళ్లలో గదులు హోటళ్ల కన్నా నయం, పెద్ద రెస్టారెంట్లలో రాత్రి కన్నా మధ్యాహ్నం మెనూ చౌక, సహకార సంఘాల సెల్లార్లలో రుచి చూడటానికి పెద్దగా కాదు. పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే ప్యాకేజీలో బస్సుకి, హడావుడికి పెట్టే డబ్బు ఒక్క లోయలో పెట్టండి. తల్లిదండ్రులని తీసుకెళ్లేటప్పుడు ఆ ప్యాకేజీలే సుఖం, మన వంటవాడు వెంట ఉంటాడు, నడక తక్కువ. ఇద్దరే వెళ్లేటప్పుడు ఆ లెక్క పనికిరాదు.

కాలం ముఖ్యం. సెప్టెంబరు రెండో సగంలో ద్రాక్ష కోతలు నడుస్తుంటాయి, కొండ హట్‌లు ఇంకా తెరిచే ఉంటాయి, ఆగస్టు నాటి ఉరుములు తగ్గుతాయి. అక్టోబరులో హట్‌లు ఒక్కొక్కటే మూసేస్తారు. అప్పుడు రైతుల ఇళ్లలో కొత్త వైన్‌తో కాల్చిన చెస్ట్‌నట్స్ తినే త్యోర్గెలెన్ రోజులు వస్తాయి. కొండ కావాలంటే ముందు రావాలి, బల్ల చాలంటే తర్వాత వచ్చినా సరే.

యూరప్‌లో ఉన్నవాళ్లకి ఇదంతా సులువు, మా సంగతేమిటని హైదరాబాద్ నుంచి చెల్లెలు అడిగింది. తనకి నాసిక్ వెళ్లమన్నాను. మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తయిన కల్సూబాయి, 1,646 మీటర్లు, అక్కడికి దగ్గర. ఆ దారిలోనూ నిటారు చోట్ల ఇనుప నిచ్చెనలు ఉన్నాయి, ఒక్కో నిచ్చెన ఎవరికి వాళ్లే ఎక్కాలి. ఊరి చుట్టూ ద్రాక్ష తోటలు, రుచి చూపించే సెల్లార్లు, వాటి దగ్గరే కూర్చుని తినే చోట్లు ఉన్నాయి. అక్కడ కోతలు జనవరి నుంచి మార్చి దాకా, ఎండ ముదరకముందు కొండెక్కడానికీ అదే అదను. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదలడానికి సంక్రాంతి సెలవులు ఎలాగూ ఉన్నాయి.